మా ఇంట్లో మా పేరు లేని సామాను

నమోదు 1. అలలు తక్కువ.

ఈ పుస్తకం నేను సరదా పడి రాస్తున్నది కాదు. నిశ్చింత గృహబీమా వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. పాలసీ తిరగరాసే నెలలో ఇంటివాళ్ళెవరో ఒకరు తమ వస్తువుల మంచిచెడ్డలు ముప్పై రోజుల పాటు నమోదు చెయ్యాలట. పైన అలల సంగతి కూడా రాయాలట. మా ఆయన గవర్రాజు పుస్తకం అందుకుని, అటూ ఇటూ తిప్పి, "నా రాత నాకే అర్థం కాదు కదా ఇందూ" అని నా చేతిలో పెట్టి వలల దగ్గరికి పోయాడు. కాబట్టి రాస్తున్నది ఇందుమతి, మూడో తెప్ప, పదకొండో ఇల్లు.

తెప్పలపాలెంలో బీమా లేనిదే పూట గడవదు. సముద్రం మా పాత ఊళ్ళని మింగేశాక కట్టుకున్న తొమ్మిది తెప్పలు, నాలుగొందల పన్నెండు ఇళ్ళు. గాలి గట్టిగా వీస్తే తెప్ప వాలుతుంది. తెప్ప వాలితే సామాను జారుతుంది. కిందటేడు వాలులో మా ఫ్రిజ్ వీధి గుమ్మం దాటి వెళ్ళి పక్కింటి భాగ్యవతి వదినగారి దేవుడి మందిరం ముందు ఆగింది. ఆవిడ మూడు రోజుల పాటు దానికి కూడా హారతిచ్చింది. అందుకని ఇక్కడ గరిటె దగ్గర్నుంచి ప్రతి వస్తువునీ తూచి బీమా చేయించాలి. బీమా లేనిదాన్ని 'వదులు బరువు' అంటారు. వదులు బరువుల్ని పడవలో వేసుకుపోయి, తెప్పలు వాలకుండా వాటి అడుగున కట్టేస్తారు. ఒకసారి కట్టారంటే ఇక దాన్ని చేపలే వాడుకోవాలి.

ఇవాళ్టి విశేషాలు. ఫ్రిజ్ నా మీద ఫిర్యాదు పెట్టింది. తలుపు విసిరి వేశానట, దానివల్ల మనస్తాపం కలిగిందట. వాషింగ్ మెషీను తనకి ఆరేళ్ళని చెబుతోంది. పదమూడని నాకు తెలుసు. మాట్లాడే వస్తువుల్ని ఇంట్లో పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నమోదు 2. అలలు తక్కువ.

రాయడానికి దొరికింది.

ఏటా సర్వేయరు కృపారావు గారు వచ్చి ఇల్లంతా చూసేవారు. పన్నెండేళ్ళుగా తెప్పల మీద ఉద్యోగం చేస్తూ ఇప్పటికీ కడుపులో తిప్పుడు ఆపుకోలేని మనిషి. సామాను చూసి, కాఫీ తాగి, సముద్రంలోకి వాంతి చేసుకుని, సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. ఈ ఏడు నుంచి ఆయన గుమ్మం దగ్గరే నిలబడాలట. లోపలికి తూనీగ వెళుతుంది. అరచేతంత యంత్రం, నాలుగు రెక్కలు, ఒంటినిండా కళ్ళు. దానికి కొత్తగా తెలుగు చదవడం నేర్పారు. అదే మా కొంప ముంచింది.

పెళ్ళికో గృహప్రవేశానికో గిన్నె ఇచ్చేవాళ్ళు దాని మీద తమ పేరు కొట్టించకుండా ఇస్తారా? ఊరు మునిగినా ఆ అలవాటు మాత్రం మునగలేదు. తూనీగ వంటింట్లో దూరి ఒక్కో గిన్నె అంచు మీదా వాలడం, గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"వస్తువు, కాఫీ గ్లాసు. యజమాని, పెదపాటి సూర్యకాంతం. ఈ ఇంటివారు కారు. వస్తువు, పళ్ళెము. యజమాని, దాసరి నాగరత్నం, భర్త సత్తిబాబు. ఈ ఇంటివారు కారు. వస్తువు, మిక్సీ. యజమాని, రెండవ తెప్ప యువజన సంఘము."

"అది నేను కబడ్డీలో గెలిచానండీ!" అన్నాడు మా ఆయన.

"గెలిచినట్లు వస్తువు మీద వ్రాయబడలేదు" అంది తూనీగ.

బట్టలు కాక మొత్తం నూట నలభై మూడు వస్తువులు తేలాయి. వాటిలో మావి ఏడు. పళ్ళు తోముకునే బ్రష్షులు రెండు, చీపురు, దువ్వెన, ఫ్రిజ్, వాషింగ్ మెషీను, ఆయన చెవిలో పెట్టుకునే రేడియో. మిగతా నూట ముప్పై ఆరూ 'పరుల సొత్తు, అనుమానాస్పద నిల్వ'.

"అంటే మేం దొంగలమా కృపారావు గారూ?" అన్నాను.

ఆయన ద్వారబంధం పట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. "నేనంటానా అమ్మా? అదంటోంది. పేరున్న ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకోండి. 'ఈ వస్తువు మీద నాకు ఏ హక్కూ లేదు' అని రాసుంటుంది, అంతే. ముప్పయ్యో రోజున బరువుల పడవ వస్తుంది. సంతకం లేనివి ఎక్కించేస్తారు." ఆ మాట పూర్తి చేసి గబగబా తెప్ప అంచు కటకటాల వైపు పరిగెత్తారు, పాపం.

నమోదు 3. అలలు తక్కువ.

రాత్రంతా ఆలోచించాను. నూట ముప్పై అయిదు వస్తువులు పోతే పోనీ. ఆకులో తింటాం, దోసిట్లో తాగుతాం. ఒక్క వస్తువు మాత్రం పోకూడదు.

అది గ్రైండరు. పొట్ట మీద "చి.ల.సౌ. ఇందుమతి పెళ్ళికి, పిన్ని మజ్జి వరహాలమ్మ" అని అంగుళమేసి అక్షరాలతో కొట్టించి ఉంటుంది. లోపల నల్లరాయి. పద్దెనిమిది కిలోలు. తెప్ప అడుగున కట్టడానికి ఇంతకంటే వాటమైన వస్తువు ఊరు మొత్తం మీద లేదు.

మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. నన్ను పెంచింది వరహాలు పిన్ని. నా పెళ్ళినాటికి గ్రైండర్లలో ఇచ్చేవాళ్ళ గొంతు ఎక్కించే సదుపాయం వచ్చింది. పిన్ని కొట్టుకి వెళ్ళి తన గొంతుతో అయిదు మాటలు ఎక్కించి తెచ్చింది. "పప్పు నానిందా?" "నీళ్ళు చాలవే, ఇంకో గరిటెడు పొయ్యి." "చెయ్యి పెట్టకే, తెగుతుంది." "చాల్లే, ఇంక తియ్యి." "కడిగి బోర్లించు."

తొమ్మిదేళ్ళుగా నాకు వినబడే పిన్ని గొంతు అదొక్కటే. ఏడో తెప్ప మీద ఉంటుంది. పడవెక్కితే పావుగంట. అయినా మాటల్లేవు. తప్పు నాదే, రాస్తున్నాను. ఈ ఇంటి గృహప్రవేశం నాడు పొద్దున హడావిడిలో మా ఆయన చేపల ప్యాంటు దొరికిన గంగాళంలో నానబెట్టి స్నానాలగదిలో పడేశాను. అది పిన్ని ఇచ్చిన రాగి గంగాళం. పేరు కొట్టించింది. పిన్ని కాళ్ళు కడుక్కుందామని లోపలికి వెళ్ళింది, చూసింది, తన పేరు మీది మురికి కొంగుతో తుడిచింది, బయటికొచ్చి చెప్పులేసుకుంది. విస్తరి వేసే ఉంది. తినకుండా వెళ్ళి పడవెక్కింది.

వెనకాలే పరిగెత్తి కాళ్ళు పట్టుకుంటే పోయేది. నేను పట్టుకోలేదు. శుభమా అని ఇంట్లోకొచ్చి అన్నం తినకుండా పోతుందా అని నాకూ కోపం వచ్చింది. కోపం తగ్గాక సిగ్గు పట్టుకుంది. ఆ సిగ్గుతోనే తొమ్మిదేళ్ళు గడిచాయి. గంగాళం కూడా ఆ మరుసటేడు వాలులో సముద్రంలోకి దొర్లిపోయింది. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు దోసెలు ఎందుకని మా ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏడుస్తానని ఆయనకి తెలుసు.

నమోదు 6. అలలు మధ్యస్తం.

ముందు సులువైనవాటితో మొదలుపెడదామని పక్కింటికి వెళ్ళాను. భాగ్యవతి వదినగారు మాకు ఇచ్చింది మూతడబ్బా ఒకటి. కాగితం చూసి ఆవిడ నవ్వింది. "దీనికింత రాద్ధాంతమా? ఇలా ఇవ్వండి, పెట్టేస్తాను" అని కలం తీసింది. నా దరిద్రం కొద్దీ అప్పుడే తూనీగ కిటికీలోంచి వచ్చి డబ్బా మీద వాలింది. వదినగారి పేరు ఒక రేకు మీద కొట్టించి పైన అతికించి ఉందట. దాని కిందున్నది కూడా తూనీగ చదివేసింది.

"అడుగు పొర. ఇందుమతి, గవర్రాజు దంపతులు. నాల్గవ తెప్ప పెద్ద గారి కుమార్తె వివాహమునకు."

అంటే నేను నాలుగో తెప్ప పెద్దగారి అమ్మాయి పెళ్ళికి ఇచ్చిన డబ్బా, వాళ్ళ దగ్గర్నుంచి వదినగారికి వెళ్ళి, రేకు తగిలించుకుని, తిరిగి నా దగ్గరికే వచ్చింది. నాలుగేళ్ళుగా నా డబ్బాలో నేనే చింతపండు పోసుకుంటూ వదినగారిని మెచ్చుకుంటున్నాను.

ఆవిడ మొహం చూడలేకపోయాను. "పోన్లెండి వదినగారూ, దీనికి సంతకం అవసరం లేదు, మాదే" అన్నాను. మావి ఎనిమిది వస్తువులయ్యాయి.

నమోదు 9. అలలు తక్కువ, వాలు మాత్రం ఎక్కువ.

ఊరంతా ఇదే గొడవ. ఎవరింట్లో చూసినా ఎవరివో పేర్లు. అందరూ కాగితాలు పట్టుకుని అందరిళ్ళకీ తిరుగుతున్నారు. సంతకం ఊరికే పెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. "మేమిచ్చింది వాడుతున్నారా? ఏదీ, ఎక్కడుంది?" అని వచ్చి చూసుకుంటున్నారు. సూర్యకాంతం గారు తన కాఫీ గ్లాసులో కాఫీ పోయించుకుని తాగి, "చేదుగా ఉంది, మా గ్లాసు వల్ల మాత్రం కాదు" అని, ఆలోచించుకుని చెబుతానని వెళ్ళిపోయింది.

దాంతో జనం అటకల మీద మూలుగుతున్నవన్నీ దించి వీధిగదిలో, వచ్చేవాళ్ళ కళ్ళబడేలా పెట్టుకున్నారు. మా తెప్ప మీద నలభై ఆరు ఇళ్ళు. నలభై ఆరు ఇళ్ళ గంగాళాలూ, బిందెలూ, డిన్నరు సెట్లూ ఒక్కసారిగా వీధివైపుకి వచ్చేసరికి తెప్ప అటు పక్కకి ఒరిగింది. గాలి లేదు, వాన లేదు, మర్యాద వల్ల ఒరిగింది. తెప్ప పెద్ద మైకులో "దయచేసి సగం ఇళ్ళవాళ్ళు అభిమానాన్ని పెరటివైపు ప్రదర్శించుకోండి" అని ప్రకటించాడు.

కృపారావు గారు పరిస్థితి చూడ్డానికి వచ్చి, ఆ వాలు మీద రెండడుగులు వేసి వెనక్కి పోయారు.

నమోదు 13. అలలు మధ్యస్తం.

పిన్ని దగ్గరికి మా ఆయన్ని పంపాను. "నేను పంపానని చెప్పకు. నీ అంతట నువ్వే వెళ్ళినట్టు ఉండాలి" అన్నాను. కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. చేతిలో మాగాయ జాడీ ఉంది, కాగితం మీద సంతకం లేదు.

"ఏమంది?"

"అన్నం పెట్టింది. వంకాయ కూర. ఎంత బాగుందో..."

"కూర సంగతి కాదయ్యా!"

"కాగితం చదివింది. రెండుసార్లు చదివింది. 'హక్కు లేదని నేనెందుకు రాస్తాను అల్లుడూ? కావాల్సినవాళ్ళకి కాళ్ళు లేవా?' అంది."

"నన్నేమైనా అడిగిందా?"

మా ఆయన అబద్ధం చెప్పబోయే ముందు చెవి గోక్కుంటాడు. గోక్కున్నాడు. "అడిగింది. ఎలా ఉందీ అని... చాలాసార్లు."

అంటే అడగలేదన్నమాట. జాడీ మూత తీసి వాసన చూశాను. పిన్ని చేతి ఆవపిండి ఘాటు. కోపంగా ఉన్నా, మూడు ముద్దలు కలుపుకుని తిన్నాను.

నమోదు 17. అలలు తక్కువ.

ఇవాళ ఒక సిగ్గుమాలిన పని చేశాను. మా ఆయన లేనప్పుడు గరుకు కాగితం పట్టుకుని గ్రైండరు ముందు కూర్చున్నాను. పేరుంటేనే కదా గొడవ, పేరు గీకేస్తే నాదే అవుతుంది కదా అని.

'మజ్జి'లో మొదటి అక్షరం మీద గరుకు కాగితం ఆనించానో లేదో, గ్రైండరు పిన్ని గొంతుతో అరిచింది. "చెయ్యి పెట్టకే, తెగుతుంది!"

అది యంత్రం. చెయ్యి దగ్గరికొస్తే అలా అనడం దాని పని. ఆ సంగతి నాకు తెలుసు.  కానీ చిన్నప్పుడు నేను కత్తిపీట దగ్గరికి వెళ్ళినా పిన్ని ఇలాగే అరిచేది. గరుకు కాగితం అవతల పారేసి, గ్రైండరుని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా చెయ్యి ఇంకా దగ్గరే ఉండబట్టి అది పదే పదే "చెయ్యి పెట్టకే" అంటూనే ఉంది.

ఆ చప్పుడికి తూనీగ వచ్చింది. "ఆనవాలు చెరుపు యత్నము, నమోదు చేయబడినది" అని రాసుకుపోయింది. రాసుకోనీ.

నమోదు 21. అలలు ఎక్కువ.

వెళ్ళాను.

పిన్ని తలుపు తీసింది. చూసింది. లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తలుపు వెయ్యలేదు కాబట్టి నేనూ వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చున్నాను. పిన్ని జుట్టు పూర్తిగా తెల్లబడింది. అది మా ఆయన చెప్పలేదు.

పిన్ని తన ఫ్రిజ్ వైపు తిరిగింది. "ఎండనపడి వచ్చినట్టున్నారు, మంచినీళ్ళు కావాలేమో అడుగు" అంది.

"అమ్మా, మీకు మంచినీళ్ళు కావాలా అని అమ్మగారు అడుగుతున్నారు" అంది ఫ్రిజ్.

"వద్దని చెప్పు" అన్నాను, నేనూ ఫ్రిజ్ తోనే.

"వద్దంటున్నారమ్మా."

"వద్దంటే ఎలా? పెదాలెండిపోయాయి. తాగమను."

"తాగమంటున్నారమ్మా. మీ పెదాలు ఎండిపోయాయట. క్షమించాలి, మీరిద్దరూ రెండడుగుల దూరంలో ఉన్నారు. మధ్యలో నేను అవసరమా?"

"నోరు మూసుకో!" అన్నాం ఇద్దరం, ఒకేసారి.

నీళ్ళు తాగాను. కాగితం తీసి బల్ల మీద పెట్టాను. "తొమ్మిది రోజుల్లో బరువుల పడవ వస్తుందట. ఈ సంతకం లేకపోతే గ్రైండరు తీసుకుపోతారట. చెప్పు" అన్నాను.

పిన్ని కాగితాన్ని వేలితో అవతలికి నెట్టింది. తర్వాత ఫ్రిజ్ తో అంది. "గంగాళం సముద్రంలో పోయిందని అల్లుడు చెప్పాడు. ఇంక ఆ ఇంట్లో నా పేరున్నది ఈ గ్రైండరొక్కటే. దాని మీద కూడా నాకు హక్కు లేదని రాసిచ్చాక, ఆ ఇంటికి నేనేమవుతానో అడుగు."

ఫ్రిజ్ అడగలేదు. దానిక్కూడా ఏదో అర్థమైనట్టుంది.

నేను తల తిప్పేసుకున్నాను. గోడ పక్కన బల్ల మీద స్టీలు డబ్బాల వరస కనిపించింది. నా మొదటి జీతంతో కొనిచ్చినవి. "పిన్నికి, ఇందుమతి" అని కొట్టించినవి. అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి పక్కన తూనీగ ఇచ్చిన నోటీసు, నా సంతకం కోసం ఖాళీ కాగితం. అంటే పిన్నికీ ఇదే గొడవ ఉంది. డబ్బాలు పడవెక్కుతాయని ఆవిడకీ తెలుసు.

"మరి నా సంతకం కోసం ఎందుకు రాలేదో అడుగు" అన్నాను.

"వస్తే పెట్టేస్తుందేమోనని భయమేసింది" అంది పిన్ని, ఫ్రిజ్ వైపే చూస్తూ.

నా కాగితం నేను తీసుకుని లేచాను. "నేను పెట్టనని చెప్పు" అని చెప్పి వచ్చేశాను. పడవలో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. చూస్తే చూడనీ అనుకున్నాను.

నమోదు 22. అలలు ఎక్కువ.

పొద్దున్నే మొదటి తెప్ప మీదున్న బీమా ఆఫీసుకి వెళ్ళాను. దుఃఖం ముదిరితే నాకు కోపమొస్తుంది. మా ఆయన "కొంచెం నెమ్మదిగా మాట్లాడు ఇందూ" అంటూ వెనకాలే వచ్చాడు.

తూనీగ బల్ల మీద కూర్చుని రెక్కలు తుడుచుకుంటోంది. "మా ఇంట్లో ఎవరెవరి పేర్లున్నాయో చదివావు. బాగుంది. మా పేరున్న సామాను ఊళ్ళో ఎక్కడెక్కడ ఉందో చదివావా?" అన్నాను.

"ఆ వివరము కోరబడలేదు."

"ఇప్పుడు కోరుతున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి పెళ్ళికీ, ప్రతి సీమంతానికీ నేనూ ఇచ్చాను. పరుల సొత్తని మా ఇంట్లోవి పట్టుకుపోతావు కదా, ముందు పరుల ఇళ్ళలో ఉన్న నా సొత్తు తెచ్చి నా గుమ్మంలో పెట్టు. గరిటె కూడా వదలను!"

కృపారావు గారు లేచి నిలబడ్డారు. "అమ్మా, అలా అడిగే హక్కు పాలసీదారులకి ఉంది. కానీ ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే తూనీగ ఊరంతా వెతకాలి."

"వెతకనీ. రెక్కలెందుకున్నాయి దానికి?"

నా వెనక వరసలో సూర్యకాంతం గారు ఉన్నారు. "నాది కూడా రాసుకోండి. నా గ్లాసులు ఆరు డజన్లు బయట తిరుగుతున్నాయి" అంది. ఆవిడ వెనక భాగ్యవతి వదినగారు. మధ్యాహ్నానికి వరస తెప్ప అంచుదాకా పోయింది. ఊళ్ళో ఇప్పటిదాకా హక్కు లేదని సంతకం పెట్టినవాళ్ళెందరని కృపారావు గారిని అడిగాను. ఒక్కరూ లేరట. "ఇచ్చిన చేత్తో లేదని రాయడం అశుభమంటున్నారమ్మా" అన్నారాయన.

నమోదు 26. అలలు మధ్యస్తం.

తూనీగ నాలుగు రోజులుగా ఆగకుండా తిరుగుతోంది. ఊళ్ళో ప్రతి గిన్నె అడుగూ, ప్రతి గరిటె కాడా చదువుతోంది. నిన్న ఎగురుతూ ఎగురుతూ దాసరి నాగరత్నం ఇంట్లో సాంబారులో పడింది. తుడిచి మళ్ళీ వదిలారు.

ఇది తేలుతుందన్న నమ్మకం మా ఆయనకి లేదు. గ్రైండరుని రెండు దుప్పట్లలో చుట్టి మంచం కింద దాచాడు. తూనీగ మంచం మీదుగా వెళుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అప్పుడే కింద నుంచి "పప్పు నానిందా?" అని వినిపించింది.

"నానింది, నానింది" అన్నాడు మా ఆయన, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. తూనీగ ఆయన మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద ఇంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

ఇంకా నాలుగు రోజులు. ఇవాళ మినప్పప్పు నానబోశాను. మామూలుగా చేసే దోసెలే. కానీ రాత్రి గ్రైండరుని మంచం కింద నుంచి తీసి, అది మాట్లాడే ప్రతి మాటకీ ఆగి, విని, అప్పుడు నీళ్ళు పోశాను. రుబ్బడం అయ్యాక మళ్ళీ దుప్పట్లు చుట్టి దాచాం.

నమోదు 29. అలలు తక్కువ.

ఊరంతటినీ అయిదో తెప్ప మైదానానికి పిలిచారు. కృపారావు గారు బల్లెక్కారు. చేతిలో కాగితం ఉంది. 

"తూనీగ లెక్క పూర్తిచేసింది" అన్నారు. "ఇందుమతి గారి సామాను నలభై రెండు ఇళ్ళలో ఉంది. సూర్యకాంతం గారిది అరవై ఇళ్ళలో. ఆ అరవై ఇళ్ళవాళ్ళ సామాను మళ్ళీ ఇంకో మూడొందల ఇళ్ళలో. ఒక్క ఇల్లు కూడా విడిగా లేదు. ఎవరి సామాను వాళ్ళకి చేర్చాలంటే ఊళ్ళో ఉన్న గిన్నెలన్నీ ఒకేసారి గాల్లోకి లేవాలి. అందుకని తూనీగ పాలసీలో నాలుగో నిబంధన తీసింది. అది నిజానికి రెండు గదులున్న ఇళ్ళకోసం రాసింది." కాగితం చూసి చదివారు. "ఒక ఇంటివారి సామాను పలు గదులలో ఉన్నయెడల, ఆ గదులన్నియు కలిపి ఒకే ఇల్లుగా పరిగణింపబడును."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన భుజం మీది తూనీగ తీర్పు చెప్పింది.

"తెప్పలపాలెము. ఇల్లు ఒకటి. గదులు నాలుగు వందల పన్నెండు. పరుల సొత్తు లేదు. పాలసీ ఒకటి. వదులు బరువు లేదు."

 మా ఆయన చెయ్యెత్తాడు. "అయితే కృపారావు గారూ, ఈ పూట భోజనం ఏ గదిలో?"

"ముందు మీ గదిలో ఏం వండారో చెప్పండి అన్నయ్యగారూ" అంది భాగ్యవతి వదినగారు. ఇక నవ్వులే నవ్వులు. ఎవరో కృపారావు గారిని ఎత్తుకున్నారు. దించెయ్యండి బాబూ, కడుపులో తిప్పుతోందని ఆయన మొత్తుకుంటున్నా వినలేదు.

నేను జనంలో పిన్ని కోసం వెతికాను. ఏడో తెప్పవాళ్ళు అవతలి అంచున ఉన్నారు. కనబడలేదు. గ్రైండరు దక్కింది కదా, అది చాలనుకోవాలి. చాలనిపించలేదు.

నమోదు 30. అలలు లేవు.

బరువుల పడవ వచ్చింది. ఎక్కించడానికి ఏమీ లేక పడవవాళ్ళు మా ఇంట్లో కాఫీ తాగారు. దుప్పట్లు విప్పి గ్రైండరుని దాని చోట పెట్టాం. మా ఫ్రిజ్ కొత్త ఫిర్యాదు పెట్టింది. ఇంట్లో నాలుగొందల ఫ్రిజ్ లు ఉండగా తలుపు విసిరేది తనదొక్కటేనట.

పడవవాళ్ళు వెళ్ళాక గ్లాసులు కడుగుతున్నాను. వీధి తలుపు చప్పుడైంది. పడవవాళ్ళు ఏదో మర్చిపోయారనుకుని తడి చేతులతోనే వెళ్ళి తీశాను.

పిన్ని. చేతిలో సంచీ లేదు, జాడీ లేదు. ఎండలో నడిచొచ్చిన మొహం. వెనక్కి తిరిగి చూశాను, ఎవరితో మాట్లాడుతుందోనని. మా ఫ్రిజ్ వంటింట్లో ఉంది, ఇక్కడికి కనిపించదు.

"అలా చూస్తావేమే?" అంది పిన్ని. నాతోనే అంది. "ఒకే ఇల్లని మీ కృపారావు రాసిచ్చాడుగా. ఒకింట్లో ఉండి మాట్లాడుకోకపోతే చూసేవాళ్ళకి బాగుండదని వచ్చాను. అంతే. ఇంకేం లేదు."

"పిన్నీ, ఆ రోజు..." అన్నాను. తొమ్మిదేళ్ళుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

"ఊరుకో. పిలుపు లేకుండా వచ్చానని ఎవరైనా అంటారేమో గానీ, నా ఇంట్లో నేను ఈ గదిలోంచి ఆ గదిలోకి రావడానికి పిలుపేమిటి?" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది. గడప అవతలే నిలబడి ఉంది.

"లోపలికి రా పిన్నీ" అన్నాను.

"లోపలే ఉన్నాను కదే" అంది.